గంగమ్మ ముందర ఆఫ్రికా పాట

మా ఇంట్లో పూజగది పక్క గూట్లో ఒక పాత తోలు కవరు ఉంటుంది. దాని ముందువైపు సన్నని బెజ్జాలు గుండ్రంగా పొడిచి ఉంటాయి. ఆ బెజ్జాల వెనక ఒకప్పుడు రేడియో ఉండేది, ఇప్పుడు నా కళ్ళజోడూ రెండు కర్పూరం పొట్లాలూ ఉన్నాయి. వేసవి అంతా బిర్రబిగుసుకుని ఉండే ఆ తోలు, ఈశాన్యపు గాలి తిరిగి వానలు మొదలయ్యేసరికి తేమ పట్టి మెత్తబడుతుంది, మెత్తబడి వాసన వేస్తుంది. ముందు కొబ్బరినూనె, దాని వెనక ఉప్పుగాలి, దాని వెనక చిలుమెక్కిన బ్యాటరీ, అన్నిటికంటే అడుగున పొగాకు. ఉప్పుగాలికి తోలు పగలకుండా మా నాయన నెలకోసారి కొబ్బరినూనె పూసేవాడు, ఆ పొగాకు వాసన ఆయన చేతులది. మొన్న కార్తీక పాడ్యమి నాడు తెల్లవారుజామున అగ్గిపెట్టె కోసం గూట్లో చెయ్యి పెట్టగానే ఆ వాసన ముక్కుకు తగిలి, దీపం వెలిగించడం కాసేపు ఆలస్యమైంది. దేవుడు క్షమిస్తాడు. ఆ రేడియో లోంచి ఆయన నాకిచ్చింది తలుచుకోవడం కూడా దీపం పెట్టడం లాంటిదేనని నా నమ్మకం.

మా ఊరు నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరికి తూర్పున, తారురోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంది. నా చిన్నప్పుడు అక్కడ వందలోపు తాటాకు ఇళ్ళు, వాటి వెనక సరుగుడు తోపు, ముందర సముద్రం. తోపులో గాలి లేచిందంటే సముద్రం వెనకనుంచి కూడా వస్తోందేమో అనిపించేది. ఎండాకాలంలో ఇసుక మీద పరిచిన కవళ్ళ చేపలు వెండి రేకుల్లా ఎండుతుంటే కాకుల్ని తోలుతూ తాటి ముంజలు తినేవాళ్ళం. ముంజ నీళ్ళు మోచేతిదాకా కారి, దాని మీద ఇసుక అంటుకుని, ఆ చేత్తోనే ఇంకో ముంజ. వానాకాలం వస్తే కట్టెలు తడిసి పొయ్యి రాజుకోక ఇల్లంతా పొగ, ఆ పొగలోంచి వానను, కట్టెలను, కట్టెలు తెచ్చిన తాతనూ వరసగా తిట్టే అవ్వ గొంతు, చివరికి అదే పొయ్యి మీద మామిడి ఒరుగులు వేసి కాచిన చేపల పులుసు. ఆ పులుసు చేసిన పూట తినేవాళ్ళు తెలివితక్కువవాళ్ళని మా ఊరి లెక్క. మర్నాడు పొద్దున చద్దన్నంలోకి తిన్నవాళ్ళకే దాని సంగతి తెలుస్తుంది. సాయంత్రాలు పిల్లలంతా ఎండ్రకాయల వెంట పరుగెత్తేవాళ్ళు. బొక్కలో ఎండ్రకాయ ఉందో లేదో పందెం కాసి చెయ్యి లోపల పెట్టడం మా ఊళ్ళో ధైర్యానికి పరీక్ష. నేను మాత్రం గట్టున కూర్చుని, ఎవరు గెలిచారో చెప్పే పెద్దమనిషిని.

ఎందుకంటే ఏడో ఏట నాకు కీళ్ళ జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ గుండెను నీరసపరిచి పోయిందని నెల్లూరు డాక్టరు చెప్పాడు. పరుగెత్తకూడదు, బరువెత్తకూడదు, తడవకూడదు. మా ఊరి పిల్లలు బడికి పోవాలంటే ఉప్పుకాలవలో దిగి దాటాలి, పోటు మీద మొలలోతు నీళ్ళుంటాయి. కాబట్టి నా బడి మా ఇంటి వసారాలోనే పెట్టింది మా అమ్మ. పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టి ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి. మా ఊరి ఆడవాళ్ళలో అంత చదివింది ఆమె ఒక్కతే. లెక్కలు గవ్వలతో, పద్యాలు నోటితో, చేతిరాత రామకోటి పుస్తకంతో. చేతిరాత కుదరాలంటే రామనామాన్ని మించిన పాఠం లేదనేది. రోజుకు నూట ఎనిమిది గళ్ళు నింపితే గానీ నాకు పొద్దున గంజి దొరికేది కాదు. నాయుడుపేటలో రేడియోలు బాగుచేసే అంగడి పెట్టుకున్న మా శీనయ్య మామ, అంటే అమ్మ తమ్ముడు, సగం అట్ట ఊడిపోయిన దేశాల పటాల పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చాడు. రేడియో తెచ్చిందీ ఆయనే.

రేడియో వచ్చాక ఊరికంతటికీ అది ఒక్కటే. దాన్ని పాటల పెట్టె అని ఎవరూ అనుకోలేదు. అది సముద్రం సొమ్ము. వాన కబురు, గాలి కబురు చెప్పడానికే ఇంట్లో ఉంది. తెలుగు స్టేషను పలికే చోట అద్దం మీద నాయన కుంకుమతో ఒక బొట్టు పెట్టాడు. ముల్లు ఆ బొట్టు మీదే ఉండాలి. చీకటితోనే మొగవాళ్ళంతా మా వాకిట్లో బీడీలు ముట్టించుకుని కూర్చునేవారు. తుఫాను కబురుంటే అవ్వ తన పాత ఎర్రచీర ముక్కను వలలు ఆరేసే గుంజకు ఎగరేసేది, అది చూసి పక్క వీధివాళ్ళు పడవలు మళ్ళీ ఇసుక మీదికి లాక్కునేవారు. అయితే స్టేషను తెరిచేది కాస్త తెల్లవారాక. అంతకు ముందు అరగంట, నాయన ఒడ్డుకు వెళ్ళి అలలు చూసి వచ్చేదాకా, ఆ రేడియో నా ఒళ్ళో ఉండేది. బ్యాటరీలు పనిచేస్తున్నాయో లేదో చూడడం పేరుకు నా పని. "తిప్పుకోమే, తిప్పుకో. నేనొచ్చేసరికి ముల్లు బొట్టు మీదుండాల, అంతే," అనేవాడు నాయన. పరుగెత్తలేని పిల్లకు ఆయన ఇచ్చిన మైదానం అది. ఆ అరగంటలో నేను వెళ్ళనంత దూరం ఊళ్ళో ఏ పడవా వెళ్ళలేదు.

మామ ఒక రాగి తీగను రేడియోకు తగిలించి, దాని రెండో కొసను సరుగుడు చెట్టు చిటారుకు కట్టిపోయాడు. ఆ తీగ మీద ప్రపంచం వచ్చి వాలేది. చేపల సంతలో గుంపు మాట్లాడుకుంటున్నట్టు ఒక భాష, పళ్ళెంలో గోళీలు దొర్లినట్టు ఒక భాష. సన్నగా సాగి సాగి తెగకుండా నిలిచే గొంతులు, ఎవరో ఏడుస్తున్నారనుకుంటే నవ్వులు. ఆ గరగరలో, ఈలల్లో, బుడబుడల్లో ముల్లును వెంట్రుక వాసి జరుపుతూ పోవాలి, ఊపిరి బిగబట్టి, ఎండ్రకాయ బొక్కలో చెయ్యి పెట్టినట్టు.

నాకు ఎనిమిదో ఏట, కార్తీక మాసంలో, ఆ పాట దొరికింది. అవ్వ తలస్నానం చేసి తడిచీరతోనే తులసికోట దగ్గర దీపం పెడుతోంది, వానకు తడిసిన తాటాకు వాసన, దీపంలో నువ్వులనూనె వాసన. గరగర పక్కకు తొలిగి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. ముసలిది కాదు, పడుచుదీ కాదు, వాడి వాడి మంచి పదునెక్కిన కత్తిలాంటి గొంతు. ఆమె ఒక మాట ఎత్తుతుంది, పదిమంది ఆడవాళ్ళు దాన్ని అందుకుంటారు, వాళ్ళు వదలకముందే ఆమె మళ్ళీ ఎత్తుతుంది. కింద ఏదో తీగల వాద్యం నీటి బొట్లు రాలినట్టు, దాని కింద చేతి చప్పట్లు. మా ఊళ్ళో పెద్దవల లాగేటప్పుడు ఒకరు ఎత్తి అందరూ అందుకోవడం పుట్టినప్పటినుంచి వింటున్నాను. కానీ ఆ పని పాటను తీసుకుపోయి అంత అందంగా కూర్చోబెట్టవచ్చని నాకు తెలియదు. ముల్లు జరగకుండా రేడియోను రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. తూర్పున తెల్లబడేకొద్దీ పాట పల్చబడింది, మూడో చరణం సగంలో ఉండగా నీళ్ళలో మునిగినట్టు మునిగిపోయింది.

మర్నాడు అదే వేళకు అదే పాట. ఆ మరునాడూ. ఆ నెలలో ఇంచుమించు ప్రతి తెల్లవారుజామునా విన్నాను, ప్రతిసారీ వెలుగు వచ్చి మూడో చరణం మధ్యలోనే దాన్ని తీసుకుపోయింది. ఎవరు పాడారో, ఏ దేశమో, ఆ మాటలకు అర్థమేమిటో తెలియదు. చివర ఎట్లా ఉంటుందో అసలు తెలియదు. పాట పోతుందన్న భయంతో, వినబడిన చప్పుళ్ళను వినబడినట్టే తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. రాయడానికి ఇంట్లో వేరే పుస్తకం లేదు, రామకోటి చివరి పేజీలు తప్ప.

అమ్మ పట్టుకుంది. "రామనామం రాయమంటే ఇదేందిమే? ఏం భాష ఇది?"

నేను నోరు విప్పేలోపల అవ్వ అడ్డం వచ్చింది. "ఏ భాషైతే నీకేంది? నేను దీపం పెడతా పెడతా రోజూ ఇంటానే ఉండా. కార్తీక మాసంలో, తెల్లారుజామున, దేముడి పాట గాకుండా ఇంకేం పాటొస్తది? కాశీలో పాడతా ఉంటారు. పిల్లని రాసుకోనీ."

అవ్వ మాటకు మా ఇంట్లో తిరుగు లేదు. పైగా దేవుడి పాట అనిపించుకోవడంలో నాకూ లాభం ఉంది. అమ్మ ఇక అడ్డు చెప్పదు. నేను నోరు మూసుకున్నాను. ఆ మూసుకున్న నోరే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

ఆ కార్తీకం పోయాక మా గంగమ్మ తల్లి పొంగళ్ళు వచ్చాయి. ఒడ్డున ఇసుకతో అమ్మవారిని చేసి, పసుపు కుంకాలు పెట్టి, వేపమండలు గుచ్చి, ఇంటికొక పొంగలి కుండ చొప్పున వరసగా మూడురాళ్ళ పొయ్యిల మీద పెడతారు. కొత్త వల ఉంటే ఆ రోజే అమ్మవారి ముందర పరిచి, పసుపు నీళ్ళు చల్లి, మొదటిసారి సముద్రంలో తడుపుతారు. ఆ సంవత్సరం ఊరందరికీ కలిపి కొత్త పెద్దవల. పొంగలి పొంగే వేళకు పాట ఎత్తడం అవ్వ వంతు. ఆమె ప్రతిసారీ పాడేది వదిలేసి నా వైపు తిరిగింది.

"రా మే పెంచలా. ఆ కాశీ పాటెత్తు."

ఎత్తాను. నా గొంతు చిన్నదే గానీ నిలబడింది. అవ్వ అందుకుంది, అవ్వ పక్కనున్న పోలమ్మత్త అందుకుంది, మూడోసారికి ఒడ్డు మీదున్న ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరికి ఊపిరి అయిపోతే వాళ్ళు ఆగారు. మర్నాడు ఆ కొత్త వల ఎంత బరువుగా వచ్చిందంటే లాగడానికి మనుషులు చాలక పక్క ఊరికి కబురు పంపారు. వల నిండా కానాగంతలు, మధ్యలో మనిషి చెయ్యంత వంజరాలు. ఇక ఆ పాట ఊరిని వదల్లేదు. ప్రతి పొంగళ్ళకూ అదే, ప్రతి కొత్త వలకూ అదే. దాని పేరు గంగమ్మ పాట అయింది.

మరుసటి ఏడు పొంగళ్ళకు శీనయ్య మామ వచ్చాడు. కుండ పక్కన కూర్చుని వేడి పొంగలి ఊదుకుంటున్నవాడు పాట మొదలవగానే ఊదడం ఆపేశాడు. తర్వాత నన్ను పడవ చాటుకు పిలిచి, నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. "అమ్మణ్ణీ, ఇది యాడ పట్టినావు?"

ముల్లు ఎక్కడ ఉండేదో చూపించాను. "కాశీ గాదు, కలకత్తా గాదు. ఆ చోట తెల్లారుజామున పలికేవి ఆఫ్రికా స్టేషన్లు. మన సముద్రానికి అవతల, ఇంకో సముద్రం ఒడ్డున. ఎండొచ్చిందంటే దూరపు స్టేషన్లు మునిగిపోతాయి, అందుకే నీకు చివర దొరకలా. వాళ్ళేం పాడతా ఉండారో ఎవరికి తెలుసు! పెళ్ళి పాటో, కల్లంగడి పాటో. అవ్వకి మాత్రం చెప్పబాక తల్లీ, పొంగలి కుండ నా నెత్తిన గుమ్మరిస్తది."

పటాల పుస్తకం తీసి ఆ ఖండాన్ని చూశాను. గులాబి, ఆకుపచ్చ, పసుపు రంగుల దేశాలు. వాటిలో ఏదో ఒక దాంట్లో ఆ ఆడమనిషి ఉంది. సంతోషంతో పాటు గుండెలో రాయి పడింది. గంగమ్మ తల్లి ముందర నేను ఏం పాడించాను? కల్లంగడి పాటే అయితే? చెప్తే అవ్వ పరువు పోతుంది, చెప్పకపోతే తల్లికి అపచారం. ఆ రోజునుంచి రోజూ దీపం దగ్గర ఒకటే మొక్కు: స్వామీ, ఆ పాట ఏమిటో, దాని చివర ఏమిటో ఒక్కసారి తెలియనీ, తప్పయితే నేనే మోస్తాను. మరి రెండు కార్తీకాలు ఆ పాట వచ్చింది, అదే చోట మునిగింది. ఆ మరుసటి ఏట ఆ చోట గరగర తప్ప ఏమీ లేదు. అవ్వ అది దేవుడి పాటేనన్న నమ్మకంతోనే కన్నుమూసింది. నేను చెప్పలేదు.

ఆ తర్వాత కాలం నడిచిన తీరు అందరికీ తెలిసిందే. రేడియో మూగబోయింది, టీవీలు వచ్చాయి, నాయనా అమ్మా వెళ్ళిపోయారు. డాక్టరు నీరసమన్న గుండె మాత్రం పెంచలకోన నరసింహస్వామి దయవల్ల ఈనాటికీ కొట్టుకుంటూనే ఉంది. మా ఊళ్ళోనే, సముద్రం మీద బతికే మా బావనే పెళ్ళాడాను. పొంగళ్ళకు పాట ఎత్తడం అవ్వ తర్వాత నా వంతయింది. ఎత్తిన ప్రతిసారీ ఆ రాయి కదిలేది.

కొన్నేళ్ళ కిందట శీనయ్య మామ ఫోన్ చేశాడు. రేడియోల అంగడి ఎప్పుడో సెల్‌ఫోన్ల అంగడిగా మారింది, డెబ్బై దాటినా కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చుంటాడు. "అమ్మణ్ణీ, నీ ఫోనుకు ఒక గుంపు లింకు పంపిస్తా ఉండా, చేరు. పాత రేడియో పిచ్చోళ్ళంతా ఉండారు దాంట్లో, దేశదేశాలోళ్ళు. అప్పుడు టేపుల్లో పట్టుకున్న పాటల్ని ఇప్పుడు ఒకరికొకరు పంచుకుంటా ఉండారు. నీ పాట అడుగు."

రామకోటి పుస్తకం ముందర పెట్టుకుని, ఎనిమిదో ఏట రాసుకున్న అక్షరాలు చూసుకుంటూ ఫోన్‌లో పాడాను. ఇది ఆఫ్రికాదని విన్నాను, చివర తెలియదు, తెలిసినవారు చెప్పండి అని రాశాను. ఇంగ్లీషు ఫోనే చేసి పెట్టింది. పంపాక సిగ్గుతో రెండు రోజులు ఆ గుంపు తెరవలేదు. తెరిచేసరికి, నేను ఒక్క పాట అడిగితే వాళ్ళు నా ఒడి నింపి ఉన్నారు. ఇది కాదు గానీ ఇది వినండి, మీది దీని చెల్లెల్లా ఉంది అంటూ ఒక్కొక్కరు ఒక్కొక్కటి. సొరకాయ బుర్రకు ఇరవై ఒక్క తీగలు కట్టి మీటే వాద్యం. చిన్నప్పుడు నీటి బొట్లనుకున్నది ఇదేనని కళ్ళు మూసుకుని గుర్తుపట్టాను. చిన్న పలక మీద ఇనుప రేకులు బిగించి బొటనవేళ్ళతో పలికించేది ఇంకొకటి, వాన చూరు వెంట కారుతున్నట్టుంటుంది. జాంజిబార్ దీవిలో ఫిడేళ్ళతో సాగదీసి పాడే పెళ్ళి పాటలు, ఇథియోపియా పాత గ్రామఫోను ప్లేట్లలో మన రాగాల మేనత్త కూతుళ్ళలాంటి రాగాలు, ఎడారిలో ఒంటెల నడకకు తాళం వేసే గిటార్లు, సముద్రం మధ్య చిన్న దీవుల్లో చెప్పులు లేకుండా నిలబడి పాడే ఆడవాళ్ళ దిగులు. పూజయ్యాక బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వినేదాన్ని. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతున్నానని బావ నవ్వేవాడు. ఇన్ని గొంతులిచ్చిన దేవుడు ఎంత ధనవంతుడో అనుకునేదాన్ని. కానీ నా పాట రాలేదు. ఒక ఏడు పోయింది, రెండో ఏడు సగం పోయింది.

ఒక శుక్రవారం, ఇల్లు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. కొత్త మనిషి. పేరు ఫాతు. సెనెగల్ దేశంలో సముద్రం ఒడ్డున చేపల ఊరు, అక్కడ ఎండుచేపల పని చేసే ఆడవాళ్ళకు పెద్ద అని తర్వాత తెలిసింది. ముందు రాతేమీ లేదు, ఒట్టి గొంతు పంపింది. నొక్కాను. నా పాట. ముందు ఆమె ఎత్తింది, వెనక ఎవరో ఇద్దరు ముగ్గురు నవ్వుతూ అందుకున్నారు. మొదటి చరణం, రెండోది, మూడోది సగం దాకా వచ్చింది. నలభై ఏళ్ళుగా మునిగిపోతున్న చోటుకు వచ్చింది. మునగలేదు. దాటింది. చీపురు చేతిలోనే ఉంది, తడి నేల మీద కూలబడి ఏడ్చాను.

తర్వాత ఆమె రాసినదాన్ని ఫోన్ తెలుగు చేసి చూపించింది. ఫోన్ తెలుగు ఎట్లా ఉంటుందో తెలుసుగా, అయినా అర్థమైంది. అది దేవుడి పాట కాదు. కల్లంగడి పాటా కాదు. చేపలు ఎండబెట్టేటప్పుడు ఫాతు అమ్మమ్మ కాలంలో అందరూ పాడుకునే పాట. ఒక భార్య మొగుణ్ణి దులిపేస్తోంది. "గొప్పగా పోయావు పడవేసుకుని, తెచ్చిందేమిటి, తడిసిన టోపీ. నిన్ను చూసి మన పిల్లి కూడా నవ్వుతోంది. పొరుగింటి పొయ్యి మీద చేప, మన పొయ్యి మీద నీ కబుర్లు." మూడు చరణాలూ తిట్లే.

నాకు దొరకని నాలుగోది ఇది: "అందరూ తిరిగి వచ్చారా? నువ్వు తిరిగి వచ్చావు. పడవ ఖాళీగా ఉంటే ఉండనీ. నీ పీట ఖాళీగా లేదు. కూర్చో, తిను."

మామకు ఫోన్ చేసి చెప్పాను. "ఊళ్ళో చెప్పబాక. ఇన్నేళ్ళు మోసినావు, ఇంకొన్నేళ్ళు మొయ్యి. మొగుళ్ళని తిట్టేదని తెలిస్తే గంగమ్మ దగ్గిర ఇంక పాడనిస్తారా?" అన్నాడు. నిజమే. చెప్తే పాటే పోవచ్చు, అవ్వ పేరూ పోవచ్చు. కానీ చెప్పకుండా ఆ నాలుగో చరణాన్ని ఎట్లా ఇవ్వడం? సముద్రం మీదికి మనుషుల్ని పంపి ఒడ్డున కూర్చునే ఆడవాళ్ళకు రాసిన చరణం అది. దాన్ని ఒక్కదాన్నే దాచుకుని తింటే అరుగుతుందా?

పోయిన పొంగళ్ళకు, కుండలు పొంగడానికి ముందు, అమ్మవారికి చేతులు జోడించి ఊరి ఆడవాళ్ళందరికీ చెప్పేశాను. రేడియో సంగతి, మామ సంగతి, అవ్వకు చెప్పని సంగతి, పాటలో ఉన్న తిట్లు, చివరి చరణం, అన్నీ. చెప్పి తల వంచుకుని నిలబడ్డాను. పొయ్యిల్లో కట్టెలు చిటపటలాడడం వినబడింది.

ఊరి పెద్దాయన ముందు లేచాడు. "అపచారం గదా ఇది! తల్లి ముందర మొగుడూ పెళ్ళాల తిట్లా? ఇన్నేళ్ళూ?"

అప్పుడు పోలమ్మత్త కదిలింది. ఎనభై దాటిన మనిషి, అవ్వ పక్కన నిలబడి మొదటిసారి ఆ పాట అందుకున్నవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. "నువ్వు కూకో అబ్బయా. అయితే ఏందిమే పెంచలా, ఇన్నేళ్ళుగా మేమంతా గంగమ్మకాడ మొగుళ్ళని తిడతా ఉండామా?"

"అవునత్తా."

"అందుకే ఆ తల్లి ఇంటా ఉండాది! ఇంకేం చెప్పుకుంటాం ఆమెకాడ? పాడిపంటలా? ఆమె మాత్రం ఆడది గాదా?" అని పళ్ళు లేని నోటితో నవ్వింది. ఆ నవ్వు పక్కామెకు అంటుకుంది, ఆమెనుంచి ఒడ్డంతా పాకింది. పెద్దాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పిల్లి నవ్విన ముక్క మా ఇంటిదే," అన్నది. పెద్దాయన తువ్వాలు దులుపుకుని కూర్చున్నాడు. నవ్వులు సద్దుమణిగాక పోలమ్మత్త గొంతు మారింది. "ఆ ఆఖరి ముక్క మళ్ళా చెప్పు."

చెప్పాను. కూర్చో, తిను. ఎవరూ నవ్వలేదు. పోలమ్మత్త మొగుడు పడవ మీద పోయి తిరిగి రానివాడు. ఆమే, "ఎత్తు. దాని మాటల్లోనే ఎత్తు, మేం అందుకుంటాం," అన్నది. ఆ రోజు మా గంగమ్మ పాటకు మొదటిసారి చివర వచ్చింది. ఊపిరి అయిపోయి కాకుండా పాట అయిపోయి అందరం ఒక్కసారి ఆగాం. ఆగిన చోట సముద్రం వినబడింది. నా గుండెలో రాయి ఉన్న చోట ఏమీ లేదు, ఒట్టి గాలి. పరుగెత్తకూడదన్న మనిషిని, ఆ ఇసుకలో నీళ్ళదాకా పరుగెత్తాను.

ఆ పాటను ఫోన్‌లో పట్టి ఫాతుకు పంపితే వాళ్ళ ఊరి చిన్న రేడియో స్టేషనులో వేశారట. ఎండుచేపల కొట్టాల్లో ఆడవాళ్ళు పని ఆపి విన్నారట, విని, రెండో చరణంలో మేము ఒక మాట తప్పు పాడుతున్నామని తేల్చి, సరైనది పాడి పంపారు. గరగరలో నాకు వినబడని మాట. దిద్దుకున్నాం.

ఇప్పుడు మా ఒడ్డున ఆ తాటాకు ఇళ్ళు లేవు, మా పాత వాకిలి ఉన్న చోట అలలు తిరుగుతున్నాయి. సరుగుడు తోపులో సగం రొయ్యల గుంటలైంది. వాన కబురు ఎవరి జేబులో వాళ్ళకుంది, ఎర్రచీర గుంజ కోసం ఎవరూ చూడరు. పెద్దవలను మనుషుల బదులు ట్రాక్టరు లాగుతోంది, ట్రాక్టరుకు పాట అక్కర్లేదు. తెల్లవారుజామున వినడానికి దూరపు స్టేషన్లు లేవు, ఎదురుచూడడానికి ఆ అరగంటా లేదు. పోయినవాటికి దణ్ణం పెడతాను, అవి ఇవ్వాల్సింది ఇచ్చే పోయాయి.

నిన్న సందేళ బావ సముద్రం నుంచి వచ్చాడు. రెండు రోజుల వేట. బుట్ట గడప దగ్గర బోర్లించి చూపించాడు, ఇసుక తప్ప ఏమీ రాలలేదు. పెళ్ళయినప్పటినుంచి ఇట్లాంటి రోజుల్లో ఆయన పెరటిదారిన వచ్చి, కాళ్ళు కడుక్కుని, నాతో మాట్లాడకుండా పడుకునేవాడు. నిన్న మాత్రం ముందు వాకిట్లోంచే, పక్కింటివాళ్ళకు కూడా వినబడేలా అరిచాడు.

"పిల్లిని నవ్వొద్దని చెప్పు. పీటెయ్యి."

వేశాను.